పార్టీ లేకుండా కౌంటీ పదవికి నిలబడాలంటే

ప్రశ్న: డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాం. నేనూ మావారూ ఇద్దరం సిటిజన్లమే. మా నాన్నగారు ఒకప్పుడు గుంటూరు జిల్లాలో సర్పంచ్‌గా చేశారు. ఆ ప్రభావమో ఏమో, నాకూ ఎన్నికల్లో నిలబడాలని ఎప్పటినుంచో ఉంది. మా అబ్బాయి చదివిన స్కూలు మూసేస్తామంటున్నారు. ఇంటి టాక్స్ ఏటా పెరుగుతోంది. 380 హైవే మీద ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. కొత్తగా వేస్తున్న ఔటర్ లూప్ రోడ్డు విషయంలోనూ నాకు అభ్యంతరాలున్నాయి. 2028లో మా ప్రిసింక్ట్ (కౌంటీలోని నాలుగు విభాగాల్లో మాది) నుంచి కౌంటీ కమిషనర్ పదవికి ఇండిపెండెంట్‌గా పోటీ చేద్దామనుకుంటున్నాను. రెండు పార్టీల్లో ఏదీ నాకు పూర్తిగా నచ్చదు. సంతకాలు సేకరించాలట, అది నాకు కష్టం కాదు; మా వాట్సాప్ గ్రూపుల్లోనే వెయ్యిమంది తెలుగువాళ్ళున్నారు. హైదరాబాద్‌లో మా మరిది ఖర్చులకు కొంత పంపుతానన్నాడు. మావారు మాత్రం "ఏదో ఒక పార్టీలో చేరు, లేదంటే మానెయ్" అంటున్నారు. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం: మీవారి మాటలో సగం నిజం ఉంది. ఆ సంగతి తర్వాత. ముందు మీ ఉత్తరంలోనే ఒక చిక్కుంది. మీరు రాసిన నాలుగు సమస్యల్లో కౌంటీ కమిషనర్ చేతిలో ఉన్నది ఒక్కటే.

స్కూలు మూయాలా వద్దా అన్నది ఐ.ఎస్.డి. (మీ స్కూల్ డిస్ట్రిక్ట్) ట్రస్టీల బోర్డు తేలుస్తుంది. 2024లో ప్లేనో ఐ.ఎస్.డి. నాలుగు స్కూళ్ళు మూసేయాలని తీర్మానించినప్పుడు, అది పూర్తిగా ఆ బోర్డు నిర్ణయమే, కౌంటీని అడగాల్సిన పని లేదు. 380 విస్తరణ, దాని బైపాస్ ఎటునుంచి వెళ్ళాలన్నది రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్ చూసుకుంటుంది. కౌంటీ కొంత డబ్బు కలపగలదు, గట్టిగా అడగగలదు, అంతవరకే. ఇక ఇంటి టాక్స్. కాలిన్ కౌంటీ రేటు కొన్నేళ్ళుగా ప్రతి 100 డాలర్ల విలువకు 15 సెంట్ల దగ్గరే ఉంది. అదే స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు డాలర్ చుట్టుపక్కల ఉంటుంది. ఈసారి బిల్లు వచ్చినప్పుడు వరసలు విడివిడిగా చూడండి. కౌంటీ తన టాక్స్ మొత్తం ఎత్తేసినా మీకు తగ్గేది సుమారుగా పదోవంతు. ఇంటి విలువ కట్టేది కూడా కౌంటీ కాదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ.

మిగిలింది ఔటర్ లూప్. అది కచ్చితంగా కౌంటీ వ్యవహారమే. 2018 నవంబర్‌లో కాలిన్ కౌంటీ ఓటర్లు 75 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అందులో దాదాపు అంతా రోడ్లకే. ఆ డబ్బు ఎక్కడ, ఎప్పుడు, ఏ వరసలో ఖర్చవుతుందో నిర్ణయించేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది కౌంటీని నడిపే పాలకమండలి. నలుగురు కమిషనర్లు, పైన కౌంటీ జడ్జి, మొత్తం ఐదు ఓట్లు. కౌంటీ బడ్జెట్, జైలు, షెరిఫ్ శాఖకు నిధులు, కోర్టు భవనాలు, ఊళ్ళ పరిధిలోకి రాని ప్రాంతాల రోడ్లు వాళ్ళ పని. టెక్సస్‌లో కౌంటీకి జోనింగ్ అధికారం కూడా లేదు. మీ వీధి చివర అపార్ట్‌మెంట్లు కట్టాలా, పెట్రోల్ బంకు పెట్టాలా అన్నది సిటీ చూస్తుంది. అంటే గెలిచిన మర్నాటినుంచి మీ దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళలో సగంమందికి "అది నా పరిధి కాదండీ" అనే చెప్పాల్సి వస్తుంది.

జైలు బడ్జెట్ చదవడం, రోడ్డు కాంట్రాక్టులు పరిశీలించడం మీకు నిజంగా ఆసక్తి ఉన్న పనేనా? అవునంటే ముందుకెళ్దాం. మెకిన్నీలో కమిషనర్స్ కోర్టు సమావేశాలు ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, ఎజెండాలోని అంశం మీద మాట్లాడొచ్చు కూడా. కొన్నిటికి వెళ్తే ఆ ఆసక్తి నిలబడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇండిపెండెంట్ దారి. టెక్సస్‌లో 1, 3 ప్రిసింక్టుల కమిషనర్ ఎన్నికలు అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో, 2, 4 ప్రిసింక్టులవి గవర్నర్ ఎన్నికల ఏడాదిలో వస్తాయి. మీరు 2028 అన్నారు కాబట్టి 1 లేదా 3లో ఉన్నారనుకుంటాను. ప్రస్తుత చట్టం ప్రకారం తేదీలు చెబుతాను. పార్టీ అభ్యర్థులు ప్రైమరీకి (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు) దరఖాస్తు చేసే గడువులోపే, అంటే 2027 డిసెంబర్ 13 లోపే, "ఇండిపెండెంట్‌గా నిలబడాలనుకుంటున్నాను" అని మీరు కౌంటీ జడ్జికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నవంబర్ ఎన్నికే కదా, వేసవిలో చూసుకుందాంలే అనుకుని ఇక్కడే తప్పిపోయేవాళ్ళు ఉంటారు. ఆ తర్వాత సంతకాల పిటిషన్. కౌంటీ, ప్రిసింక్ట్ పదవులకు గత గవర్నర్ ఎన్నికలో అక్కడ పోలైన ఓట్లలో 5 శాతం లేదా 500, రెండిటిలో ఏది తక్కువైతే అన్ని సంతకాలు కావాలి. కాలిన్‌లో ఒక్కో ప్రిసింక్ట్ చాలా పెద్దది కాబట్టి మీకు 500 వర్తిస్తుంది. వినడానికి చిన్న సంఖ్యే. వాట్సాప్‌లో వెయ్యిమంది ఉన్నారన్న ధీమా మీకు అందుకే వచ్చింది.

ఆ ధీమాయే మిమ్మల్ని ముంచుతుంది. ఎలాగో చూడండి.

సంతకం పెట్టేవాళ్ళు రిజిస్టర్డ్ ఓటర్లై ఉండాలి. అంటే గ్రూపులో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డు వాళ్ళు, వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మొదటే పోయారు. మిగిలిన సిటిజన్లలో మీ ప్రిసింక్ట్ దాటి ఉన్నవాళ్ళు పోయారు. డెంటన్ కౌంటీ వైపు ఫ్రిస్కోలో ఉన్న మీ స్నేహితురాలి సంతకం పనికిరాదు. అసలు దెబ్బ దీని తర్వాత ఉంది. మీరు పోటీ చేసే పదవికి అభ్యర్థిని ఎంపిక చేసిన పార్టీ ప్రైమరీలో ఓటు వేసినవాళ్ళ సంతకం చెల్లదు. 2028 మార్చి 7న జరిగేది అధ్యక్ష అభ్యర్థుల ప్రైమరీ కూడా, రెండూ ఒకే బ్యాలెట్. రాజకీయాల మీద ఆసక్తి ఉన్న ప్రతివాళ్ళూ ఆ రోజు వెళ్తారు. మీకు ఉత్సాహంగా సంతకం పెట్టేది కూడా ఆ ఆసక్తి ఉన్నవాళ్ళే. ఎవరు మీకు బాగా పనికొస్తారో వాళ్ళే అనర్హులవుతారన్నమాట. రెండు పార్టీలూ మీ పదవికి అభ్యర్థుల్ని ఎంపిక చేస్తే, మీవారు ఏ ప్రైమరీలో ఓటు వేసినా ఆయన సంతకం కూడా లెక్కలోకి రాదు.

మీ సంగతి ఇంకా గట్టిది. ప్రైమరీలో ఓటు వేసిన మనిషి అదే ఏడాది, ఆ ప్రైమరీలో అభ్యర్థి ఎంపికైన పదవికి ఇండిపెండెంట్‌గా నిలబడకూడదు. అంటే 2028 మార్చిలో అధ్యక్ష అభ్యర్థుల ఎంపికలో మీకు ఓటు లేదని ఇప్పుడే ఒప్పుకోవాలి. టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి "నేను ఏ పార్టీ సభ్యురాలినీ కాను" అన్న మాట ఇక్కడ పనిచేయదు. ఓటు వేశారా లేదా అన్నదొక్కటే చూస్తారు, అది రికార్డులో ఉంటుంది.

కాలం కూడా మీ చేతిలో ఉండదు. ప్రైమరీ రోజు దాటాకే సంతకాలు మొదలుపెట్టాలి. ముందు తీసుకున్నవి చెల్లవు. ఆ పదవికి ఏ పార్టీలోనైనా రన్ఆఫ్ (ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే జరిగే రెండో విడత) పడితే, అది మే 23న ముగిసేదాకా ఆగాలి. ఆఖరి గడువు రన్ఆఫ్ తేదీ తర్వాత 30వ రోజు సాయంత్రం 5 గంటలు, అంటే జూన్ 22. మీ పదవికి రన్ఆఫ్ లేకపోతే మూడున్నర నెలలు దొరుకుతాయి. ఉంటే నాలుగు వారాలు, అదీ స్కూలు సెలవులు మొదలై సగం మంది ఇండియా ఫ్లైట్ ఎక్కే రోజుల్లో.

కాబట్టి సంతకాలు అపరిచితుల దగ్గర తీసుకోవాల్సిందే. దీన్ని నేను నష్టంగా చూడను. నవంబర్‌లో మిమ్మల్ని గెలిపించాల్సిందీ వాళ్ళే. ఓటర్ల జాబితా, ఎవరు ఏ ప్రైమరీలో ఓటు వేశారన్న వివరంతో సహా, కౌంటీ ఎన్నికల కార్యాలయం దగ్గర దొరుకుతుంది. మార్చిలో ఓటు వేసినవాళ్ళను తీసేసి, మిగిలిన ఇళ్ళ తలుపులు తట్టండి. 500 కావాలంటే కనీసం 800 తీసుకోండి. సంతకం, పేరు, చిరునామా, తేదీ, పుట్టినతేదీ లేదా ఓటర్ నంబర్, ఇందులో ఒకటి తప్పినా ఆ సంతకం కొట్టేస్తారు. సంతకాలు సేకరించినవాళ్ళు తమ కళ్ళముందే పెట్టారని ప్రమాణం చేసి నోటరీ చేయించాలి. మన ఇళ్ళలో భర్త ఊళ్ళో లేడని భార్య, భార్య వంటింట్లో ఉందని భర్త, రెండు గీతలూ ఒకరే గీసేయడం మామూలే. ఇక్కడ అలా చేయనివ్వకండి. పిటిషన్ పోవడం అటుంచి కేసు అవుతుంది.

డబ్బు విషయం. మీ మరిది ఇచ్చే డబ్బు ఒక్క డాలర్ కూడా తీసుకోకండి. అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివాళ్ళు ఏ ఎన్నికకూ, చిన్న కౌంటీ ఎన్నికకైనా సరే, విరాళం ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. మీవారి ఖాతాలో వేయించి మీరు తీసుకోవడం కూడా అదే నేరం, పైగా దాచిపెట్టినట్టు కూడా అవుతుంది. ఇక్కడే ఉన్న హెచ్-1బి వాళ్ళకూ ఇదే నియమం. వాళ్ళు జీతం తీసుకోకుండా వాలంటీర్లుగా పనిచేయొచ్చు, ఫ్లయర్లు పంచొచ్చు, కానీ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో నిర్ణయించే చోట కూర్చోకూడదు. గ్రీన్ కార్డు వాళ్ళు ఓటు వేయలేరు గానీ విరాళం ఇవ్వొచ్చు. ఈ తేడా మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

టెక్సస్‌లో కార్పొరేషన్లు అభ్యర్థికి విరాళం ఇవ్వకూడదు. ఇన్‌కార్పొరేట్ చేసిన రెస్టారెంట్ యజమాని "మీ మీటింగుకి బిర్యానీ నేను పంపిస్తానండీ, డబ్బులొద్దు" అంటే అది కూడా విరాళమే. నవ్వొచ్చినా సరే, బిల్లు కట్టి రసీదు తీసుకోండి. నగదైతే ఒక్కొక్కరి నుంచి ఒక రిపోర్టింగ్ కాలంలో 100 డాలర్లు మించకూడదు. మొదటి రూపాయి ముట్టుకునే ముందే, మీ సొంత డబ్బు ఖర్చుపెట్టే ముందైనా సరే, క్యాంపెయిన్ ట్రెజరర్ ఎవరో చెప్పే ఫారం కౌంటీ ఎన్నికల కార్యాలయంలో ఇవ్వాలి. మిమ్మల్ని మీరే ట్రెజరర్‌గా పెట్టుకోవచ్చు, కానీ లెక్కలంటే విసుగుపడని మనిషి ఇంకొకరుంటే మంచిది. ఆ తర్వాత లెక్కలు వేళకు అందించడం, జనవరి 15, జూలై 15 రిపోర్టులతో సహా, మీ బాధ్యత.

తెలుగు సంఘాల గురించి ఒక మాట. వాటిలో చాలావరకు 501(సి)(3) హోదా (పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ హోదా) ఉన్నవే. ఉగాది వేదిక మీద అధ్యక్షుడు మిమ్మల్ని పిలిచి శాలువా కప్పి "మన ఆడపడుచుని గెలిపించండి" అంటే మీకు సంతోషంగానే ఉంటుంది, ఆ సంఘం పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. పోటీలో ఉన్న అందరినీ సమానంగా పిలిచి మాట్లాడించడం వేరు, అది చేయొచ్చు. అసలు ఆ శాలువా మీకు పెద్దగా ఉపయోగపడదు కూడా. తెలుగువాళ్ళ అభ్యర్థి అన్న పేరు పడితే మిగతావాళ్ళు మీ కరపత్రం చదవకుండానే పక్కన పెడతారు, మనవాళ్ళలోనే రెండు మూడు సంఘాలు మీరు ఎవరి మనిషో అని లెక్కలు వేస్తాయి.

ఇక గెలుపు సంగతి. మీ నాన్నగారి ఎన్నికలో బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండి ఉండదు. పంచాయతీ ఎన్నికల్లో ఉంగరమో కత్తెరో ఇస్తారు. కానీ ఎవరు ఏ పార్టీ బలపరిచిన అభ్యర్థో ఊళ్ళో చిన్నపిల్లాడికీ తెలుసు, ఆ మనిషి ఎలాంటివాడో అంతకంటే బాగా తెలుసు. ఇక్కడ సరిగ్గా తలకిందులు. బ్యాలెట్ మీద పార్టీ పేరు స్పష్టంగా ఉంటుంది, మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. ఓటరు అధ్యక్షుడి నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ కమిషనర్ దగ్గరికి చేరేసరికి అలసిపోయి ఉంటాడు. ముందున్న ఆధారం పార్టీ పేరొక్కటే. ఒకే బటన్‌తో పార్టీ మొత్తానికి ఓటు వేసే పద్ధతి టెక్సస్‌లో 2020 ఎన్నికల నుంచి పోయింది. అది మీకు కలిసొచ్చేదే. అయినా ఓటర్లు ఒక్కో వరసలో అదే పార్టీని వెతుక్కుంటూ నొక్కుతున్నారు.

2006 గవర్నర్ ఎన్నికలో ఇద్దరు పేరున్న ఇండిపెండెంట్లు దిగారు. కారల్ కీటన్ స్ట్రేహార్న్ అప్పటికి రాష్ట్ర కంప్ట్రోలర్, అంటే రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే అధికారి. కింకీ ఫ్రీడ్‌మన్ రాష్ట్రమంతా తెలిసిన గాయకుడు, రచయిత. ఒక్కొక్కరికీ 45,540 సంతకాలు కావాల్సి వచ్చింది, ఇద్దరూ తెచ్చారు. ఆమెకు 18 శాతం, ఆయనకు 12 శాతం వచ్చాయి. 39 శాతంతో రిక్ పెర్రీ మళ్ళీ గవర్నరయ్యారు. అంతటి పేరున్నవాళ్ళకే అంత. మన ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ పైకెదిగిన అరుణ మిల్లర్‌ని చూడండి. హైదరాబాద్‌లో పుట్టారు, మేరీలాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీలో రవాణా ఇంజనీరుగా పనిచేశారు, తర్వాత రాష్ట్ర శాసనసభకు వెళ్ళారు. 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడిపోయి, 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆ ప్రయాణమంతా డెమోక్రటిక్ పార్టీలోనే. మీవారి మాటలో నిజం ఉన్న సగం ఇదే.

రెండో సగం తప్పు. "పార్టీ, లేదంటే మానెయ్" అన్న రెండే దారులు లేవు. టెక్సస్‌లో సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికల బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు. అందరూ ఇండిపెండెంట్లే అనుకోండి. డిసెంబర్ కాగితాలు లేవు, ప్రైమరీ గొడవ లేదు. మేలో జరిగేచోట ఆ ఎన్నికలకు ఓటర్లు తక్కువమంది వస్తారు కాబట్టి ఇంటింటికీ తిరిగిన అభ్యర్థికి నిజంగా ఫలితం కనిపిస్తుంది. 2024 మే నుంచి ఇంకొకటి కూడా వచ్చింది. 75,000 మందికి పైగా జనాభా ఉన్న కౌంటీల్లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ బోర్డుకి ముగ్గురు డైరెక్టర్లను కౌంటీ అంతటా ఓటర్లే ఎన్నుకుంటున్నారు, దానికీ పార్టీ గుర్తు లేదు. డైరెక్టర్లు మీ ఇంటి విలువ తగ్గించలేరు, టాక్స్ రేటు పెట్టలేరు. జీతం లేదు. కౌంటీ స్థాయి పదవికి పార్టీ లేకుండా పోటీ చేయాలన్న మీ కోరిక మాత్రం అక్కడ తీరుతుంది.

(వేరే రాష్ట్రాల్లో ఉన్న పాఠకులు ఈ టెక్సస్ నియమాలు తమకూ వర్తిస్తాయనుకోకండి. కాలిఫోర్నియాలో కౌంటీ పదవులన్నీ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారమే పార్టీరహితం, సూపర్‌వైజర్ పదవికి నిలబడేవాళ్ళకు ఈ తలనొప్పి లేదు. జార్జియాలో ఇండిపెండెంట్‌గా కౌంటీ పదవికి నిలబడాలంటే రిజిస్టర్డ్ ఓటర్లలో 5 శాతం సంతకాలు కావాలి, 500 లాంటి పరిమితి లేదు. ఫోర్సైత్ కౌంటీలో ఉన్న మనవాళ్ళు అది లెక్క వేసుకుంటే నవ్వుతారో ఏడుస్తారో!)

నన్ను ఒక్క మాటలో చెప్పమంటే, 2028 కమిషనర్ పోటీ వద్దు, స్కూల్ బోర్డుకి నిలబడండి. మీ ఉత్తరంలో మీరు మొదట రాసింది స్కూలు గురించే. టాక్స్ బిల్లులో పెద్ద వరస కూడా స్కూలుదే. మీకు కోపం ఉన్నచోటే మీ అధికారం కూడా ఉండాలి. గెలిస్తే కౌంటీలో మీ పేరు తెలిసిన ఓటర్లు కొన్ని వేలమంది ఉంటారు. అప్పుడు పార్టీ లేకుండా కమిషనర్ పోటీ అన్నది ఇప్పుడున్నంత అసాధ్యం కాదు. ఓడినా తలుపులు తట్టడం, లెక్కలు రాయడం, అయినవాళ్ళ అలకలు తట్టుకోవడం తెలిసొస్తుంది.

కాదు, ఔటర్ లూపే నా అసలు పోరాటం అంటే మీ ఇష్టం, అదీ గౌరవించదగ్గదే. గెలుపు ఆశ తక్కువని తెలిసి నిలబడి, ఆ రోడ్డు గురించి ఎన్నికల్లో మాట్లాడించడం కూడా ఒక పనే. అప్పుడు డిసెంబర్ 13 కాగితం మర్చిపోకండి. ఇచ్చాక మనసు మారితే పిటిషన్ వేయకుండా ఊరుకోవచ్చు. ఇవ్వకపోతే దారే మూసుకుపోతుంది. యార్డ్ సైన్లు ముద్రించేటప్పుడు, వాటిని హైవే పక్కన ప్రభుత్వ స్థలంలో పెట్టకూడదన్న చట్టపరమైన హెచ్చరిక సైను మీదే ఉండాలని ప్రెస్సువాళ్ళకి చెప్పండి. మీ హెచ్.ఓ.ఏ. (ఇంటి యజమానుల సంఘం) వాళ్ళు సైను తీసేయమంటే, ఎన్నికకు 90 రోజుల ముందునుంచి సొంత ఇంటి ముందు పెట్టుకునే హక్కు రాష్ట్ర చట్టం ఇస్తోందని మర్యాదగా గుర్తుచేయండి.

స్కూల్ బోర్డు వైపు మొగ్గితే, మీ ఐ.ఎస్.డి. కార్యాలయానికి ఫోన్ చేసి ఏ ట్రస్టీ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో, మీ ఐ.ఎస్.డి. ఎన్నిక మేలోనా నవంబర్‌లోనా అడగండి. మేలో అయితే దరఖాస్తులు జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా తీసుకుంటారు, నవంబర్ అయితే వేసవిలో. ట్రెజరర్ ఫారం నియమం అక్కడా అంతే, కాకపోతే దాన్ని కౌంటీలో కాకుండా ఐ.ఎస్.డి. కార్యాలయంలోనే ఇవ్వాలి.